ఇంగ్లీషు పాప్ పాటల సాహిత్యంలో పదాంత ప్రత్యయాలు

భాగం - 7

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 ఇంగ్లీషులో మిగిలిన ప్రత్యయాలు
7.3 '-ఇంగ్', '-ఇన్'
7.4 ప్రథమ పురుష '-స్'
7.5 క్రియావిశేషణాల '-లీ'
7.6 భూతకాలపు '-డ్'
7.7 లయ, అంత్యప్రాస
7.8 అభ్యాసకులు గమనించవలసినవి
7.9 సారాంశం
7.10 ముఖ్యపదాలు
7.11 ప్రగతి సమీక్షకు జవాబులు
7.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

- ఇంగ్లీషు పాటల్లో ఏ ప్రత్యయాలు మారుతాయో, ఏవి లోపిస్తాయో గుర్తించగలుగుతారు.
- ఆ మార్పుల వెనుక ఉన్న మాండలిక, చారిత్రక, ఛందస్సంబంధమైన కారణాలను వివరించగలుగుతారు.
- పాటలోని ప్రత్యయ లోపానికీ, అభ్యాసకుడి పొరపాటుకూ ఉన్న తేడా చెప్పగలుగుతారు.
- పాటలు వింటూ మీ ఇంగ్లీషును మెరుగుపరచుకొనేటప్పుడు దేన్ని అనుసరించాలో, దేన్ని అర్థం చేసుకొని వదలాలో నిర్ణయించుకోగలుగుతారు.

7.1 పరిచయం

ఇంగ్లీషు నేర్చుకోవాలంటే ఇంగ్లీషు పాటలు వినమని చాలామంది సలహా ఇస్తారు. సలహా మంచిదే. కాని తెలుగు మాధ్యమంలో చదివి, వ్యాకరణ పుస్తకం ద్వారా ఇంగ్లీషు నేర్చుకున్న విద్యార్థికి పాట వినగానే ఒక చిక్కు ఎదురవుతుంది. పుస్తకంలో 'షి' తరువాత 'డజంట్' రావాలని ఉంటుంది. పాటలో 'డోంట్' వినిపిస్తుంది. పుస్తకంలో '-ఇంగ్' అని ఉన్నది పాటలో '-ఇన్' అవుతుంది. పరీక్షలో ఇలా రాస్తే మార్కులు పోతాయి. ప్రపంచమంతా మెచ్చిన గాయకుడికి మాత్రం ఏమీ పోదు.

ఇక్కడ విద్యార్థి సాధారణంగా రెండు నిర్ణయాల్లో ఏదో ఒకటి తీసుకుంటాడు. ఒకటి, పాటలు రాసేవారికి వ్యాకరణం రాదు అనుకోవడం. రెండు, ఇంగ్లీషువాళ్లే పాటించని నియమాలను మనమెందుకు పాటించాలి అనుకోవడం. రెండూ సరైనవి కావు. పాటలో ప్రత్యయం మారినచోట కూడా ఒక నియమం పనిచేస్తూ ఉంటుంది. ఆ నియమం తెలిస్తే మీ వ్యాకరణ పుస్తకమూ బాగా అర్థమవుతుంది, పాటా బాగా అర్థమవుతుంది. ఆ నియమాలను ఒక్కొక్కటిగా పరిశీలించడమే ఈ భాగంలో మన పని.

7.2 ఇంగ్లీషులో మిగిలిన ప్రత్యయాలు

తెలుగు క్రియలో పురుష, వచనాలు పదం చివరనే తెలుస్తాయి. 'పాడుతాను, పాడుతావు, పాడుతుంది, పాడుతారు' అన్న రూపాలను చూడండి. కర్తను చెప్పకపోయినా ఎవరు పాడుతున్నారో మనకు తెలుస్తుంది. అందుకే 'నేను', 'నువ్వు' వంటి పదాలను మనం తరచు వదిలేస్తాం.

సుమారు వెయ్యేళ్ల కిందటి ప్రాచీన ఇంగ్లీషు కూడా ఇలాగే ప్రత్యయాలు పుష్కలంగా ఉన్న భాష. కాలక్రమంలో పదాంతంలోని అచ్చులు బలహీనపడి, చాలా ప్రత్యయాలు నశించాయి. నేటి ఇంగ్లీషులో సాధారణ క్రియకు వర్తమాన కాలంలో మిగిలిన పురుష ప్రత్యయం ఒక్కటే, ప్రథమ పురుష ఏకవచనంలో వచ్చే '-స్'. దీన్నే ఇంగ్లీషు వ్యాకరణాలు థర్డ్ పర్సన్ సింగ్యులర్ అంటాయి. దీనితోపాటు భూతకాలపు '-డ్', అసమాపక క్రియల్లోనూ క్రియానామాల్లోనూ వచ్చే '-ఇంగ్', నామవాచకాల బహువచనపు '-స్', షష్ఠీ విభక్తి అర్థంలోని '-స్', విశేషణాల తరతమ భేదాన్ని తెలిపే '-అర్', '-ఎస్ట్' మిగిలాయి. విశేషణం నుంచి క్రియావిశేషణాన్ని చేసే '-లీ'ని కూడా మనం ఈ భాగంలో చూస్తాం.

ప్రత్యయాలు తగ్గినకొద్దీ ఇంగ్లీషులో పదక్రమం గట్టిపడింది. కర్త తప్పనిసరి అయింది. దీనివల్ల కలిగిన ఫలితాన్ని గమనించండి. 'షి' అన్న కర్త వాక్యంలో ఎలాగూ ఉంది కాబట్టి, క్రియ చివరి '-స్' కొత్త సమాచారం ఏమీ ఇవ్వదు. భూతకాలపు '-డ్' అలా కాదు. అది పోతే 'నడిచారు' అన్నది 'నడుస్తారు' అయిపోవచ్చు. ఒక ప్రత్యయం ఎంత అర్థాన్ని మోస్తున్నది అన్న ప్రశ్న ఈ భాగమంతటా మనకు ఉపయోగపడుతుంది.

7.3 '-ఇంగ్', '-ఇన్'

7.3.1 నిజంగా మారినదేమిటి?

పాప్ పాటల పేర్లలోనే ఈ మార్పు కనిపిస్తుంది. బాబ్ డిలన్ 1963లో విడుదల చేసిన 'బ్లోయిన్ ఇన్ ద విండ్', బీ జీస్ బృందం 1977లో పాడిన 'స్టేయిన్ అలైవ్' ఇందుకు ఉదాహరణలు. ముద్రణలో చివరి 'జి' అక్షరానికి బదులు లోపచిహ్నం, అంటే అపాస్ట్రఫీ పెడతారు. అందుకే దీన్ని 'జి లోపించడం' అని పిలవడం అలవాటయింది.

ఈ పేరు రాతను చూసి పెట్టినది. ధ్వని దృష్ట్యా సరికాదు. మన వర్ణమాలలో కవర్గకు చివర 'ఙ' ఉంది. తెలుగు రాతలో అది విడిగా దాదాపు కనిపించదు కాని, 'అంకం', 'గంగ' అనేటప్పుడు మనం పలికే అనునాసికం అదే. ప్రామాణిక ఇంగ్లీషులో 'సింగింగ్' అన్న పదం చివర వినిపించేది ఈ ఙకారం మాత్రమే. దాని తరువాత 'గ' ధ్వని ఉండదు. మనం తెలుగు అలవాటు ప్రకారం 'గ్' కూడా కలిపి పలుకుతాం. పాటలో జరిగేది ఏమిటంటే, ఙకారం స్థానంలో నకారం రావడం. అంటే ఇది లోపం కాదు, ఆదేశం. ఒక అనునాసికం పోయి మరొకటి వచ్చింది. మాత్ర తగ్గలేదు, అర్థం మారలేదు.

7.3.2 ఎక్కడ మారుతుంది, ఎక్కడ మారదు?

ఈ మార్పు ప్రతిచోటా జరగదు. 'కింగ్', 'రింగ్', 'స్ప్రింగ్', 'సింగ్' వంటి ఏకాక్షర పదాలను గమనించండి. వీటిలో 'ఇంగ్' మీద ఊనిక ఉంటుంది. అది ప్రత్యయం కాదు, ధాతువులో భాగం. ఏ గాయకుడూ 'కింగ్'ను 'కిన్' అనడు. 'సింగింగ్' అన్న పదంలో మొదటి 'ఇంగ్' నిలిచి, రెండవదే '-ఇన్' అవుతుంది. ఊనిక లేని చివరి అక్షరంలోనే మార్పు. 'నథింగ్', 'సమ్‌థింగ్' అన్న పదాల్లో ఊనిక మొదటి అక్షరం మీద ఉంటుంది కాబట్టి అవి 'నథిన్', 'సమ్‌థిన్' కాగలవు.

ఇంత కచ్చితంగా పనిచేసే దాన్ని నిర్లక్ష్యం అనలేం. దాన్ని పాటించేవారు ఎవరూ పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. మనం 'రాముడు + అతడు' అన్నప్పుడు సంధి సూత్రాన్ని గుర్తుచేసుకోకుండానే సంధి చేసినట్లు, వారూ చేస్తున్నారు.

7.3.3 చరిత్ర

ప్రాచీన ఇంగ్లీషులో రెండు వేరువేరు ప్రత్యయాలు ఉండేవి. 'పాడుతూ' అన్నట్టి అర్థంలో '-ఎండె', 'పాడటం' అన్నట్టి అర్థంలో '-ఉంగ్' లేక '-ఇంగ్'. మధ్యయుగాల ఇంగ్లీషులో ఇవి రెండూ '-ఇంగ్'గా కలిసిపోయాయి. రాతలో కలిసిపోయినా, పలుకుబడిలో నకారం బతికే ఉందని, నేటి '-ఇన్' ఆ పాత '-ఎండె' వారసురాలని చాలామంది భాషా చరిత్రకారుల అభిప్రాయం. అంటే '-ఇన్' అనేది '-ఇంగ్'ను పాడుచేయగా వచ్చిన రూపం కాకపోవచ్చు. అదీ పాతదే.

20వ శతాబ్దం తొలినాళ్ల వరకు ఇంగ్లండులోని భూస్వామ్య కుటుంబాలవారు కూడా వేట, తుపాకి, చేపలు పట్టడం గురించి మాట్లాడేటప్పుడు 'హంటిన్, షూటిన్, ఫిషిన్' అనేవారు. అదే రూపాన్ని కూలివాడు పలికితే మొరటుతనమనీ, ప్రభువు పలికితే దర్జా అనీ అనుకొనేవారు. రూపం ఒకటే. దానికి విలువ కట్టినది సమాజం.

7.3.4 ఎవరు, ఎప్పుడు వాడతారు?

జాన్ ఫిషర్ అనే పరిశోధకుడు అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో 3 నుంచి 10 ఏళ్ల మధ్య వయస్సున్న 24 మంది పిల్లల మాటలను పరిశీలించి, 1958లో ఒక వ్యాసం ప్రచురించాడు. దాదాపు పిల్లలందరూ రెండు రూపాలూ వాడారు. అమ్మాయిలు '-ఇంగ్' ఎక్కువగా, అబ్బాయిలు '-ఇన్' ఎక్కువగా వాడారు. ఒకే పిల్లవాడు పరీక్షలాంటి సందర్భంలో '-ఇంగ్' వైపు, చనువు పెరిగినకొద్దీ '-ఇన్' వైపు మొగ్గాడు. చదవడం, సరిదిద్దడం వంటి బడి సంబంధమైన క్రియలకు '-ఇంగ్', నమలడం, కొట్టడం, ఈదడం వంటి రోజువారీ క్రియలకు '-ఇన్' వచ్చింది. అంటే పదేళ్లు నిండని పిల్లలకే ఏ రూపం ఏ సందర్భానికి తగునో తెలుసు.

పాప్ పాట చనువైన మాట. ఒకరు ఒకరితో మాట్లాడుతున్నట్లు సాగుతుంది. అందుకే దానికి '-ఇన్' సహజంగా అమరుతుంది.

ఈ ప్రత్యయం గురించి ఒక బృందం పేరే ఒక పాఠం చెబుతుంది. బ్లూస్ గాయకుడు మడీ వాటర్స్ 1950లో 'రోలిన్ స్టోన్' అనే పాట రికార్డు చేశాడు. 1962లో లండన్‌లో కొందరు యువకులు ఆ పాట నుంచి తమ బృందానికి పేరు తీసుకున్నారు. తొలిరోజుల్లో వారి పేరు 'రోలిన్ స్టోన్స్' అనే ఉండేది. 1963లో వారికి మేనేజరుగా వచ్చిన ఆండ్రూ లూగ్ ఓల్డ్‌హామ్ దాన్ని 'రోలింగ్ స్టోన్స్'గా మార్పించాడు. షికాగోలోని నల్లజాతి గాయకుడి నుంచి అభిమానంతో తీసుకున్న నకారం, విస్తృతమైన మార్కెట్టులోకి వెళ్లేటప్పుడు ఙకారం అయింది. పేరు మారింది కాని, పాటల్లో వారి పలుకుబడిలో '-ఇన్' కొనసాగింది.

7.3.5 ముందు చేరే 'అ-'

డిలన్ 1964లో విడుదల చేసిన 'ద టైమ్స్ దే ఆర్ అ-చేంజిన్' పేరులో క్రియకు ముందు 'అ-' కూడా ఉంది. ఇది చేర్పుమాట కాదు. ప్రాచీన ఇంగ్లీషులో 'ఆన్' అనే విభక్తి పదం క్రియానామానికి ముందు వచ్చేది. 'వేటలో ఉన్నాడు' అన్నట్టి నిర్మాణం అది. ఆ 'ఆన్' అరిగి 'అ-' అయింది. ప్రామాణిక భాషలో ఇది పోయింది. అమెరికాలోని అపలేషియన్ కొండప్రాంతాల వాడుకలోనూ, పాత కథాగేయాల్లోనూ నిలిచింది. డిలన్ దాన్ని గేయ సంప్రదాయం నుంచి తీసుకున్నాడు.

అపలేషియన్ మాండలికాన్ని పరిశోధించిన వాల్ట్ వోల్‌ఫ్రామ్ దీనికీ కచ్చితమైన నియమాలున్నాయని చూపించాడు. 'వేటాడుతున్నాడు' అన్న అర్థంలో 'అ-' చేరుతుంది. 'వేటాడటం ఇష్టం' అన్నచోట అదే '-ఇన్' రూపం నామవాచకంగా ఉంటుంది కాబట్టి 'అ-' చేరదు. మొదటి అక్షరం మీద ఊనిక లేని 'డిస్కవరింగ్' వంటి క్రియలకూ చేరదు.

తెలుగు పాటలోనూ ఇటువంటిది ఉంది. మాటల్లో ఎన్నడో మానేసిన 'పాడెద', 'వచ్చెను' వంటి రూపాలు పాటలో ఈనాటికీ వినిపిస్తాయి. మాటలో పోయిన ప్రత్యయాలకు పాట చాలాకాలం చోటిస్తుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1

అ) 'జి లోపించడం' అన్న పేరు ధ్వని దృష్ట్యా ఎందుకు సరికాదు?
ఆ) 'బ్రింగింగ్' అన్న పదంలో ఏ 'ఇంగ్' మారగలదు? ఎందుకు?

7.4 ప్రథమ పురుష '-స్'

బీటిల్స్ బృందం 1963లో 'షి లవ్స్ యు' పాటను విడుదల చేసింది. ఆ పేరులో '-స్' నిండుగా ఉంది. నిజానికి అక్కడ వినిపించేది 'జ్' ధ్వని. అదే బృందం 1965లో విడుదల చేసిన 'టికెట్ టు రైడ్' పల్లవిలో 'షి' తరువాత 'డజంట్' రావలసిన చోట 'డోంట్' వస్తుంది. రాసినవారు ఆ జంటే. రెండేళ్లలో వ్యాకరణం మరచిపోలేదు కదా! అయితే 'డోంట్' ఎక్కడి నుంచి వచ్చింది?

మొదటి సమాధానం, అమెరికాలోని నల్లజాతి ప్రజల సంగీతం నుంచి. బ్లూస్, రిథమ్ అండ్ బ్లూస్, రాక్ అండ్ రోల్ పాప్ సంగీతానికి మాతృకలు. ఆ పాటల భాష ఆఫ్రికన్ అమెరికన్ ఇంగ్లీషు. ఈ మాండలికంలో వర్తమాన కాలంలో అన్ని పురుషలకూ క్రియ ఒకే రూపంలో ఉండవచ్చు. వోల్‌ఫ్రామ్ డెట్రాయిట్ నగరంలో చేసిన పరిశోధన 1969లో వెలువడింది. దాని ప్రకారం, నల్లజాతివారిలో దిగువ శ్రామిక వర్గంవారు '-స్' రావలసిన సందర్భాల్లో సుమారు 71 శాతం చోట్ల దాన్ని వాడలేదు. అదే జాతిలోని ఎగువ మధ్యతరగతివారిలో ఇది 1 శాతం మాత్రమే. దీన్నిబట్టి '-స్' లేకపోవడానికి జాతి ఒక్కటే కారణం కాదని, పెరిగిన పరిసరాలు, చదువు, వర్గం కూడా కారణాలని తెలుస్తుంది.

రెండవ సమాధానం, ఇంగ్లండులోనే ఇటువంటి మాండలికాలు ఉన్నాయి. పీటర్ ట్రడ్‌గిల్ 1974లో ప్రచురించిన నార్విచ్ నగర పరిశోధనలో, దిగువ శ్రామిక వర్గంవారు 97 శాతం సందర్భాల్లో '-స్' లేకుండా మాట్లాడారు. ఆయన పరిశీలించిన వర్గాల్లో అన్నిటికంటే పైవర్గంలో అది సున్నా. మరికొన్ని ఇంగ్లీషు మాండలికాల్లో దీనికి వ్యతిరేకంగా 'ఐ', 'దే' వంటి కర్తలకు కూడా '-స్' చేరుస్తారు. ఒకచోట ప్రత్యయాన్ని అందరికీ తీసేశారు, మరొకచోట అందరికీ చేర్చారు. రెండూ ఒకే పని చేశాయి, క్రియారూపాలను సమానం చేశాయి.

ఇది వింతగా అనిపిస్తే ప్రామాణిక ఇంగ్లీషునే చూడండి. భూతకాలంలో 'ఐ వాక్డ్', 'షి వాక్డ్' అంటాం. అక్కడ పురుష భేదం లేదు. 'కెన్', 'విల్', 'మస్ట్' వంటి సహాయక క్రియలకూ '-స్' చేరదు. ప్రామాణిక భాష భూతకాలంలో చేసిన పనినే ఈ మాండలికాలు వర్తమాన కాలంలో చేశాయి.

ఈ '-స్' కూడా ఒకప్పుడు మాండలిక రూపమే. దక్షిణ ఇంగ్లండులోనూ, పాత సాహిత్య భాషలోనూ ప్రథమ పురుషకు '-ఎత్' వచ్చేది. '-స్' ఉత్తరాది రూపం. అది క్రమంగా దక్షిణానికి వ్యాపించింది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు అనువాదం '-ఎత్' రూపాన్నే వాడింది. అదే కాలంలో షేక్‌స్పియర్ రెండింటినీ వాడాడు. ఒకనాటి ఉత్తరాది పల్లెమాట నేడు మీ పరీక్షలో ఒప్పు.

మన భాషలోనూ ఇదే చరిత్ర ఉంది. 'వచ్చాడు', 'వచ్చిండు', 'వచ్చినాడు' మూడూ ఒకే పనికి మూడు ప్రత్యయ రూపాలు. వీటిలో మొదటిది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. రెండవదాన్ని చాలాకాలం సినిమాల్లో హాస్యపాత్రలకు కేటాయించారు. ఇప్పుడు అదే రూపం పాటల్లో గౌరవంగా వినిపిస్తున్నది. 'వచ్చిండు'లో వ్యాకరణ దోషం ఏనాడూ లేదు. మారినది వినేవారి వైఖరి. 'షి డోంట్' విన్నప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

బ్రిటిష్ గాయకులు తమది కాని మాండలికాన్ని ఎందుకు పాడారన్న ప్రశ్న మిగులుతుంది. ట్రడ్‌గిల్ 1983లో ప్రచురించిన ఒక వ్యాసంలో బ్రిటిష్ పాప్ గాయకుల ఉచ్చారణను విశ్లేషించాడు. గాయకుడు తాను ఎవరిలా వినిపించాలనుకుంటాడో వారి పలుకుబడిని అనుకరిస్తాడని, 1960లలో ఆ ఆదర్శం అమెరికన్ గాయకులని ఆయన వివరించాడు. బీటిల్స్ సొంత గుర్తింపు సంపాదించుకొన్నకొద్దీ వారి పాటల్లో అమెరికన్ ఉచ్చారణ లక్షణాలు తగ్గాయని కూడా చూపించాడు. ఆయన ప్రధానంగా ఉచ్చారణ గురించి చెప్పినా, ప్రత్యయాలకూ ఈ వివరణ సరిపోతుంది. పాటలో ప్రత్యయాన్ని ఎంచుకోవడమంటే ఒక సంప్రదాయంతో చుట్టరికం కలుపుకోవడం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2

అ) ప్రథమ పురుష '-స్' లేకపోయినా అర్థం ఎందుకు చెడదు?
ఆ) ప్రామాణిక ఇంగ్లీషులో పురుష భేదం లేని రెండు సందర్భాలను పేర్కొనండి.

7.5 క్రియావిశేషణాల '-లీ'

ఎల్విస్ ప్రెస్లీ 1956లో పాడిన 'లవ్ మీ టెండర్' పేరును చూడండి. 'ప్రేమించు' అన్న క్రియను విశేషించేది కాబట్టి 'టెండర్లీ' అని ఉండాలని వ్యాకరణం చదివినవారికి తోస్తుంది. 1973లో రాబర్టా ఫ్లాక్ గొంతులో ప్రసిద్ధమైన 'కిల్లింగ్ మీ సాఫ్ట్‌లీ విత్ హిజ్ సాంగ్' పేరులో '-ఇంగ్', '-లీ' రెండూ పూర్తిగా ఉన్నాయి. పాప్ పాట అంటే ప్రత్యయాలు వదిలేయాలన్న నిబంధన లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

'-లీ' లేని క్రియావిశేషణాలు కొత్తవి కావు. ప్రాచీన ఇంగ్లీషులో విశేషణానికి '-ఎ' అనే అచ్చు చేర్చి క్రియావిశేషణం చేసేవారు. పదాంతపు అచ్చులు పోయినప్పుడు ఆ '-ఎ' కూడా పోయి, రెండు రూపాలూ ఒకటయ్యాయి. 'ఫాస్ట్', 'హార్డ్' నేటికీ అలాగే ఉన్నాయి. 'ఫాస్ట్‌లీ' అని ఎవరూ అనరు. మన రోడ్ల పక్కన ఉండే 'గో స్లో' అన్న హెచ్చరిక కూడా ఈ కోవలోదే. కాబట్టి ఎల్విస్ పాట పేరు ఒక పాత వరుసలో నిలుస్తుంది. క్రియ తరువాత వచ్చిన స్థానాన్నిబట్టే అది ఏ పని చేస్తున్నదో తెలుస్తుంది. ఇక్కడా '-లీ' మోసే అర్థభారం తక్కువ.

7.6 భూతకాలపు '-డ్'

ఇంతవరకు చూసిన మూడు ప్రత్యయాలూ పోయినా, మారినా అర్థం నిలిచింది. '-డ్' విషయం వేరు.

రాతలో ఒకటే అయినా ఇది మూడు విధాలుగా పలుకుతుంది. 'వాక్డ్' అని రాసినదాన్ని 'వాక్ట్' అనీ, 'ప్లేడ్' అన్నదాన్ని 'డ్'తోనూ, 'వాంటెడ్' అన్నదాన్ని 'ఇడ్'తోనూ పలుకుతాం. మొదటి రెండు విధాల్లో, క్రియ హల్లుతో ముగిసినప్పుడు ఇది పదం చివర సంయుక్తాక్షరంలో నలిగిపోతుంది. ఇంగ్లీషు మాటల్లోనూ పాటల్లోనూ ఇటువంటి చివరి 'ట్', 'డ్' తరచు వినిపించకుండా పోతాయి. 'లాస్ట్ నైట్' అన్నది 'లాస్ నైట్'లా వినిపించడం మీరు గమనించే ఉంటారు.

దీన్ని పరిశోధించినవారు పదేపదే గమనించిన విషయం ఒకటుంది. 'గతం' అని అర్థమిచ్చే 'పాస్ట్', 'దాటాడు' అని అర్థమిచ్చే 'పాస్డ్' రెండూ ఒకేలా పలుకుతాయి. అయినా సగటున మొదటిదానిలోనే చివరి 'ట్' ఎక్కువగా పోతుంది. అక్కడ అది పదంలో భాగం మాత్రమే. రెండవదానిలో అదే భూతకాలాన్ని తెలిపే ప్రత్యయం కాబట్టి ఎక్కువగా నిలుస్తుంది. 'కెప్ట్' వంటి క్రియలు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. 'కీప్' లోని అచ్చు 'ఎ'గా మారడం వల్ల కాలం కొంత ముందే తెలిసిపోతుంది కదా!

తరువాతి ధ్వని కూడా ముఖ్యమే. తరువాతి పదం హల్లుతో మొదలైతే 'ట్', 'డ్' పోయే అవకాశం ఎక్కువ. అచ్చుతో మొదలైతే అది ఆ అచ్చుతో కలిసి స్పష్టంగా వినిపిస్తుంది. సంధి చదివిన తెలుగు విద్యార్థికి ఇది వెంటనే అర్థమవుతుంది. పాటలో భూతకాల క్రియ మీకు వర్తమానంలా వినిపిస్తే, వెంటనే దాని తరువాతి పదం ఏమిటో చూడండి.

'-డ్' పాటలో ఎప్పుడూ పోదని దీని అర్థం కాదు. పోయే అవకాశం తక్కువ అని మాత్రమే. అది పోయినచోట 'నిన్న', 'ఒకప్పుడు' వంటి కాలవాచకాలో, చుట్టూ ఉన్న ఇతర క్రియలో కాలాన్ని చెబుతాయి.

7.7 లయ, అంత్యప్రాస

మాండలికం, చరిత్ర ఎన్ని రూపాలు అందించినా, ఒక పంక్తిలో ఏ రూపం నిలవాలో చివరకు తేల్చేది బాణీ.

'డజంట్' అన్నదానిలో రెండు అక్షరాలున్నాయి. 'డోంట్' ఒకటే అక్షరం, అదీ సాగదీయదగిన దీర్ఘం. బాణీలో ఒకే స్వరం ఉన్నచోట 'డోంట్' ఇముడుతుంది. 'టెండర్' రెండక్షరాలు, 'టెండర్లీ' మూడు. 'గోయింగ్ టు' మూడక్షరాలు, దాని వాడుక రూపం 'గొన' రెండు. మన కవులు గణం కోసం 'వచ్చెను', 'వచ్చె' అన్న రూపాల్లో తగినదాన్ని ఎంచుకున్నట్లే ఇదీ. షేక్‌స్పియర్ కాలపు కవులకు 'గోయెత్', 'గోజ్' అన్న రెండు రూపాలు అందుబాటులో ఉండటం ఇలాగే కలిసివచ్చింది.

అంత్యప్రాస మరో కారణం. ఇంగ్లీషు పాటలో పంక్తుల చివరి ధ్వనులు కలవాలి. 'నోజ్' అన్న క్రియ 'రోజ్'తో కలుస్తుంది కాని 'గో'తో కలవదు. '-స్' తీసేస్తే 'నో', 'గో' కలుస్తాయి. అంటే ప్రత్యయం ఉంటే ఒక ప్రాస వర్గం, లేకపోతే మరొక వర్గం. రెండు రూపాలూ తెలిసిన రచయితకు ఎంపిక పెరుగుతుంది.

అయితే ఒక హద్దు ఉంది. లయ కోసం రచయిత భాషలో ఇప్పటికే ఉన్న రూపాల్లో ఒకదాన్ని ఎంచుకుంటాడు. ఏ మాండలికంలోనూ లేని రూపాన్ని సాధారణంగా సృష్టించడు. 'కింగ్'ను 'కిన్' చేస్తే ప్రాస కుదిరినా ఎవరూ అలా రాయరు.

7.8 అభ్యాసకులు గమనించవలసినవి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. గాయకుడు '-స్' వదిలితే మాండలికం, విద్యార్థి వదిలితే తప్పు ఎందుకు అవుతుంది?

మొదటి తేడా, ఎంపిక. గాయకుడికి రెండు రూపాలూ తెలుసు. సందర్భాన్నిబట్టి ఒకటి తీసుకుంటాడు. అభ్యాసకుడు వదిలేది తరచు ఆ రూపం చేతిలో లేక. రెండవ తేడా, క్రమం. మాండలికంలో ఏది పోతుందో, ఏది నిలుస్తుందో ఒక పద్ధతి ఉంది. అభ్యాసకుడి మాటలో '-స్' పోయినట్లే '-డ్' కూడా పోతుంది. అప్పుడు నిన్నటి సంగతి రోజూ జరిగే సంగతి అయిపోతుంది. మూడవ తేడా, సందర్భం. పాట ఆత్మీయమైన మాట. పరీక్ష సమాధానం, ఉద్యోగ దరఖాస్తు, కార్యాలయ ఉత్తరం ప్రామాణిక రూపాలను కోరుతాయి. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు వేరే బట్టలు వేసుకున్నంత మాత్రాన ఇంట్లో వేసుకొనేవి చెడ్డవి కావు.

కింది సూచనలు మీకు ఉపయోగపడతాయి.

1. పాటలో '-ఇన్' వినిపిస్తే అర్థం చేసుకోండి. రాసేటప్పుడు '-ఇంగ్' రాయండి. మాట్లాడేటప్పుడు చివర 'గ్' బలంగా పలకకుండా ఙకారంతో ఆపడం సాధన చేయండి.
2. 'షి డోంట్', 'హి డోంట్' విన్నప్పుడు, మనసులో దాని ప్రామాణిక రూపం చెప్పుకోండి. ఈ అలవాటు వల్ల పాట మీకు వ్యాకరణ అభ్యాసమవుతుంది.
3. భూతకాలపు '-డ్'ను మీ మాటలోనూ రాతలోనూ ఎప్పుడూ వదలకండి. అర్థం దానిమీదే ఆధారపడి ఉంటుంది.
4. ఒక రూపాన్ని మాండలికంగా గుర్తించినప్పుడు దాన్ని మాట్లాడేవారిని తక్కువ చేయకండి. మీ ఊరి మాటను ఎవరైనా తక్కువ చేస్తే మీకు ఎలా ఉంటుందో, వారికీ అలాగే ఉంటుంది.

కృత్యం: మీకు నచ్చిన ఒక ఇంగ్లీషు పాటను మూడుసార్లు వినండి. మొదటిసారి '-ఇంగ్', '-ఇన్' రూపాలను, రెండవసారి ప్రథమ పురుష క్రియలను, మూడవసారి భూతకాల క్రియలను గుర్తించండి. ప్రతి మార్పు పక్కన మాండలికం, లయ, ప్రాస, తరువాతి ధ్వని అన్న నాలుగు కారణాల్లో ఏది వర్తిస్తుందో రాయండి. ఒకటికంటే ఎక్కువ వర్తించవచ్చు.

7.9 సారాంశం

ప్రాచీన ఇంగ్లీషులో విస్తారంగా ఉన్న ప్రత్యయాల్లో కొన్ని మాత్రమే నేడు మిగిలాయి. పాప్ పాటల్లో '-ఇంగ్' స్థానంలో '-ఇన్' రావడం ఙకారానికి నకారం ఆదేశం కావడమే. ఇది ఊనిక లేని అక్షరంలోనే జరుగుతుంది. ప్రథమ పురుష '-స్' లేకపోవడం ఆఫ్రికన్ అమెరికన్ ఇంగ్లీషులోనూ, ఇంగ్లండులోని నార్విచ్ వంటి ప్రాంతాల వాడుకలోనూ ఉన్న క్రమబద్ధమైన లక్షణం. బ్లూస్ సంప్రదాయం ద్వారా అది పాప్ పాటలోకి వచ్చింది. '-లీ' లేని క్రియావిశేషణాలకు పాత చరిత్ర ఉంది. భూతకాలపు '-డ్' అర్థభారం ఎక్కువగా మోస్తుంది కాబట్టి ఎక్కువగా నిలుస్తుంది. లయ, ప్రాసలు ఉన్న రూపాల్లో ఒకదాన్ని ఎంచుకొనేలా చేస్తాయి. పాటలోని రూపాన్ని తప్పుగా కాక మరొక నియమంగా చూడటం, ప్రామాణిక రూపాన్ని సందర్భానుసారం వాడటం అభ్యాసకుడికి అవసరం.

7.10 ముఖ్యపదాలు

ప్రత్యయం: పదం చివర చేరి కాలం, పురుష, వచనం వంటి వ్యాకరణార్థాన్ని తెలిపేది.
మాండలికం: ఒక ప్రాంతానికో వర్గానికో చెందిన, సొంత నియమాలున్న భాషారూపం.
ప్రామాణిక భాష: చదువు, పాలన, ముద్రణల్లో అంగీకారం పొందిన భాషారూపం.
ఊనిక: పదంలో ఒక అక్షరాన్ని మిగిలినవాటికంటే బలంగా పలకడం.
ఆదేశం: ఒక వర్ణం స్థానంలో మరొక వర్ణం రావడం.

7.11 ప్రగతి సమీక్షకు జవాబులు

1. అ) పదం చివర పలికేది ఙకారం మాత్రమే, అక్కడ 'గ' ధ్వని లేదు. ఙకారానికి బదులు నకారం వస్తుంది కాబట్టి అది లోపం కాదు, ఆదేశం.
ఆ) రెండవ 'ఇంగ్'. అది ఊనిక లేని ప్రత్యయం. మొదటిది ఊనిక ఉన్న ధాతుభాగం.

2. అ) ఇంగ్లీషులో కర్త తప్పనిసరిగా ఉంటుంది. పురుష, వచనాలు కర్తను బట్టే తెలుస్తాయి.
ఆ) భూతకాల క్రియలు, 'కెన్', 'విల్' వంటి సహాయక క్రియలు.

7.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పాప్ పాటల్లో ప్రథమ పురుష '-స్' లేకపోవడానికి గల కారణాలను వివరించండి.
2. ప్రత్యయం మోసే అర్థభారానికీ, అది నిలవడానికీ ఉన్న సంబంధాన్ని ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. '-ఇన్' రూపం చరిత్రను తెలపండి.
2. లయ, అంత్యప్రాసలు ప్రత్యయాల ఎంపికను ఎలా ప్రభావితం చేస్తాయి?
3. 'వచ్చాడు', 'వచ్చిండు' రూపాలను 'డజంట్', 'డోంట్' రూపాలతో పోల్చి, మీ ప్రాంతపు వాడుక నుంచి మరో ఉదాహరణ ఇవ్వండి.